పాల పరీక్ష యెక్కడ జరుగవలెను?

మన వడమాలపేట తిరుపతికిని పుత్తూరునకును నడుమ, చెన్నపట్టణమునకు పోవు బాటమీద నున్నది. ఈ ప్రాంతపు పల్లెలలో వాన కురిసినను కురియకున్నను సంసారమును నిలుపునవి రెండు పాడిపశువులు. మెట్టపైరు చెడిన యేట పిల్లవాని బడిజీతమును, పుస్తకముల వెలయును పాలడబ్బునుండియే వచ్చుట మన పాఠశాలలో ననేకు లెఱిగిన విషయము. ఇక్కడ పితికిన పాలు ఇక్కడనే నిలిచి యుండవు. అవి పట్టణములకు పోవును. అచ్చట కాఫీ హోటళ్లలోను, యాత్రికుల సత్రములలోను, ఆసుపత్రులలోను, పసిబిడ్డల ఉగ్గుగిన్నెలలోను చేరును. కాబట్టి పట్టణములలో పాలమ్మువారిని పరీక్షించి లైసెన్సు లిచ్చు విషయము పట్టణవాసులదే యని మనము ఊరకుండరాదు.

మా యభిప్రాయమును ముందుగనే చెప్పెదము. లైసెన్సు ఉండవలెను; పరీక్షయు నుండవలెను. కాని పాలవాని చెంబులో నీళ్లు వెదకుటతో ముగియు పరీక్ష బీదవానిని భయపెట్టునే కాని బిడ్డను కాపాడదు. పాలు అమ్ముడుపోవు వీథికంటె ముందు, పాలు పుట్టు కొట్టమున పరీక్ష మొదలు కావలెను. అట్లు జరిగినప్పుడు లైసెన్సు పాలవానికి బరువుగా నుండదు. అతని మంచిపేరునకు గుఱుతుగా నుండును.

ఈ దేశభాగమున ఆహారపు కల్తీనిగూర్చిన చట్టము క్రొత్తది కాదు. చిత్తూరుసీమ మదరాసు రాజధానిలో నుండిన కాలమున, 1918లోనే కల్తీ నివారణమునకు ఒక చట్టము పుట్టెను. 1939లో మదరాసు ప్రజారోగ్య చట్టము వచ్చెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1954లో కేంద్ర ప్రభుత్వము ఆహార కల్తీ నివారణ చట్టమును చేసెను. అది 1955 జూను 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. తరువాత దాని స్థానమున 2006వ సంవత్సరపు ఆహార భద్రతా ప్రమాణముల చట్టము వచ్చెను. దాని లైసెన్సు నిబంధనలు 2011 ఆగస్టు 5వ తేదీనుండి అమలునకు వచ్చినవి.

1954 నాటి చట్టము నడచిన తీరు గమనింపదగినది. ఇన్‌స్పెక్టరు వచ్చి పాలు కొనును. వానిని మూడు సీసాలలో పోయును. చెడకుండుటకై ఫార్మలిన్ చుక్కలు వేసి ముద్ర వేయును. ఒక సీసా ప్రభుత్వ రసాయన పరీక్షకునికి పోవును. వెన్నగాని, తక్కిన ఘనపదార్థములుగాని ఏర్పఱచిన కొలతకు తక్కువైనచో అది కల్తీ యనబడును. 1964లో ఆ చట్టమును సవరించి సాధారణముగా ఆఱు నెలలకు తక్కువ కాని చెఱసాల శిక్షను విధించిరి. కోర్టుల తీర్పు పుస్తకములలో పాలవారి వ్యాజ్యములు కొల్లలు. అవి సంవత్సరముల తరబడి సాగి, పై కోర్టులవఱకు ప్రాకినవి. కాని పాలు పితికిన చేయి శుభ్రమో కాదో, పశువునకు రోగ మున్నదో లేదో, ఆ సీసా చెప్పలేదు. చెప్పుమని దాని నెవరును అడుగలేదు.

నీళ్లు కలుపుట మోసమే. చెఱువునీరో, కుంటనీరో కలిపినచో అది రోగమునకును దారి. దానిని మేము సమర్థింపము. అయినను కొలత తక్కువైన ప్రతివాడును మోసగాడని చెప్ప వలనుపడదు. ఎనుముపాలకును ఆవుపాలకును వెన్న యొకటిగా నుండదు. మన జిల్లాలలో విరివిగా పెంపబడు సంకరజాతి ఆవుల పాలు ఎనుముపాలకంటె పలుచన. ఒకే పశువు పితుకునప్పుడు మొదటి పాలు పలుచగాను, కడపటి పాలు చిక్కగాను ఉండును. మేత తఱిగినను, ఈనిన నాళ్లు గడచినను పాల గుణము మాఱును. ఇక లాక్టోమీటరు సంగతి విద్యార్థులకు భౌతికశాస్త్రమున తెలిసినదే. నీళ్లు పోసినచో అది క్రిందికి దిగును. మీగడ తీసినచో పైకి తేలును. రెండు పనులును లెక్కగా చేసిన గడుసువాని పాలలో అది నిలువవలసిన చోటనే నిలుచును. ఆ విధముగా తెలివిగల మోసగాడు తప్పించుకొనును; బక్కచిక్కిన ఆవు గల నిరుపేద చిక్కును.

ఇందుకు విరుగుడుగా మన పెద్దలు ఒక యుపాయమును పాటించుచుండిరి. పశువును వాకిటికి రప్పించి, కన్నులయెదుట పితికించుకొని పాలు కొనుట వారి యాచారము. ఇందులో నీళ్లు పడవు, నిజమే. కాని కంటికి కనబడనిదానిని కన్ను కాపలా కాయలేదు. మాల్టా యను చిన్న ద్వీపమున ఇంగ్లీషు సైనికులు దీర్ఘకాలపు జ్వరముతో కృశించుచుండిరి. 1887లో డేవిడ్ బ్రూస్ అను సైనిక వైద్యుడు ఆ జ్వరమునకు కారణమైన సూక్ష్మజీవిని వేఱుపఱచి చూపెను. అది మనుష్యునికి ఏ త్రోవను వచ్చునో మఱి పదునెనిమిదేండ్లవఱకు తేలలేదు. ఆ ద్వీపమున మేకలమందలను వీథులవెంట తోలుకొనివచ్చి, ఇంటి వాకిటనే పితికి యిచ్చుట వాడుక. అంతకంటె కల్తీ లేని పాలు ఎక్కడ నుండును? 1905లో తెమిస్తొక్లీస్ జమిత్ అను మాల్టా వైద్యుడు, చూపునకు ఆరోగ్యముగా నున్న ఆ మేకలలోనే జ్వరపు క్రిమి యున్నదని కనుగొనెను. మఱుసటి యేట సైనికులకు మేకపాలు మాన్పింపగా వారిలో ఆ జ్వరము మిక్కిలి తగ్గిపోయెను. నీటిచుక్కయు కలియని పాలే వారిని పడకవేసినవి.

ఆ క్రిమిజాతి మన పశువులలోను కలదు. దానివలన పశువులు ఈచుకపోవును. ఈచుకపోయిన పశువును చేతులతో ముట్టి సేవచేయు ఇంటివారికిని జ్వరము సోకును. కేంద్ర ప్రభుత్వము 2019లో మొదలుపెట్టిన పశురోగ నియంత్రణ కార్యక్రమమున ఆడుదూడలకు దీనికి టీకా వేయుట యొక భాగము. కావున కొట్టమును పరీక్షించుట పట్టణపు బిడ్డకు మాత్రమే మేలు కాదు; పాడిరైతు భార్యకును బిడ్డలకును మేలు. క్షయరోగపు సూక్ష్మజీవులలో పశువులనుండి పాలద్వారా మనుష్యునికి వచ్చు జాతియు నున్నది. మదనపల్లె చేరువనున్న ఆరోగ్యవరము క్షయ చికిత్సాలయము 1915లో మిషనుల సమష్టి ప్రయత్నమున ఏర్పడినదగుటచే, ఈ రోగముతోడి పోరాటమున మన సీమకును మిషనులకును గల పాత్ర చదువరులకు క్రొత్తగా చెప్ప నక్కఱలేదు.

పాలను కాచి త్రాగుట మన యిండ్లలోని మంచి యాచారము. పాశ్చాత్యులు పాశ్చరు పేరిట పాలను 63 డిగ్రీల వేడిమిలో ముప్పది నిమిషములు, లేదా 72 డిగ్రీలలో పదునైదు క్షణములు ఉంచి చేయు పనిని మన తల్లులు పొయ్యిమీద ఒక పొంగుతో చేయుచున్నారు. షికాగో నగరము 1908లో చట్టము చేసి నిర్బంధించిన జాగ్రత్త మన వంటయింట చట్టము లేకయే నడచుచున్నది. ఒక్క గుమ్మపాల విషయముననే మనము పొరపడుచున్నాము. పొదుగునుండి వెచ్చగా దిగిన పాలు బలమని పిల్లలచే త్రాగించు వాడుకను మాన్పవలెను. ఆ వెచ్చదనము పశువు శరీరపు వేడి; అది క్రిమిని చంపదు.

కాచినంత మాత్రమున తొలగని కీడు మఱి యొకటి గలదు. ఈ సీమవారమగుటచే దీనిని మనము ముఖ్యముగా తెలిసికొనవలెను. 1960లో ఇంగ్లండున లక్షకు పైగా టర్కీకోళ్లు కారణము తెలియక చచ్చెను. విచారింపగా వాని మేతలోని వేరుశనగ చెక్కలో బూజు పుట్టించిన విషము కనబడెను. దానికి అఫ్లటాక్సిన్ అని పేరిడిరి. బూజుపట్టిన చెక్కను తిన్న పాడిపశువు పాలలో ఆ విషము కొంత రూపు మాఱి దిగును. అది కాలేయమునకు చెఱుపు. పాలు ఎంత కాచినను పోదు. మనది వేరుశనగ పండించు సీమ. కాయలు తడిసి, సరిగా ఎండక, మూటలలో మ్రగ్గినచో బూజు పట్టును. మంచి చెక్క సంతకు పోయి, బూజుచెక్క గొడ్లకు పోవుట తెలియక జరుగు తప్పు. వీథిలో నిలిచి లాక్టోమీటరు ముంచువాడు దీనిని ఎన్నటికిని పట్టలేడు.

ఇది ఊహకాదు. 2011లో భారత ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ 1,791 పాల మచ్చులు పరీక్షింపగా నూటికి అఱువది యెనిమిదింటికి పైగా కొలతలకు సరిపడలేదని తేలి దేశమంతయు గగ్గోలు పుట్టెను. విషము త్రాగుచున్నామని జనులు తలచిరి. పాలవానిని అనుమానముతో చూచిరి. అదే సంస్థ 2018లో 1,103 పట్టణములలో 6,432 మచ్చులు తీయించి, 2019 అక్టోబరున ఫలితములను వెలువరించెను. వెన్న మొదలగు నాణ్యతలలో కొఱత అనేక మచ్చులలో నుండిన మాట నిజమే. కాని ప్రాణమునకు హాని కలిగించు కల్తీ కలిసినవి పండ్రెండు మాత్రమే. అఫ్లటాక్సిన్ హద్దు మీఱినవి 368. పశువులకు వేసిన ఆంటిబయాటిక్కు మందుల శేషము హద్దు మీఱినవి 77. అంతేకాదు, ఆ బూజువిషము విడిపాలలోకంటె శుద్ధిచేసి అమ్ము పాలలోనే హెచ్చుగా కనబడెను. ఈ అంకెలు రెండు సంగతులను బోధించుచున్నవి. ఒకటి, పాలవాడు కావలెనని కలుపు విషముకంటె, మేతద్వారా, మందుద్వారా తెలియక చేరు విషమే హెచ్చు. రెండు, పాలు ముద్రవేసిన సంచిలో వచ్చినంత మాత్రమున నిర్దోషములు కావు.

ప్రపంచమందలి పెద్ద నగరములు ఈ పాఠమును కష్టముమీద నేర్చుకొన్నవి. న్యూయార్కు నగరమున సారాయి బట్టీల ప్రక్కనే ఇఱుకు కొట్టములు కట్టి, బట్టీనుండి వచ్చు వేడి పిప్పినీటిని ఆవులకు త్రాగించి, ఆ పాలను పల్లెపాలని అమ్ముచుండిరి. 1858లో ఒక బొమ్మల పత్రిక ఆ కొట్టముల స్థితిని అచ్చువేసి చూపినప్పుడు గాని పురజనులు తాము బిడ్డలకు పోయుచున్న దేమో ఎఱుగలేదు. బొంబాయి ప్రభుత్వము 1949లో ఆరే యను చోట పచ్చిక బయళ్లమధ్య పాలకాలనీ నేర్పఱచి, నగరపు ఇఱుకుదొడ్లలోని ఎనుములను అచ్చటికి మార్చ మొదలుపెట్టెను. పశువునకు గాలియు వెలుతురును మంచిమేతయు లేనిచోట ఎన్ని సీసాలు పరీక్షించినను ఫలము లేదని ఆ నగరము గ్రహించెను.

మఱి కొట్టమును ఎవరు చూడవలెను? మన జిల్లాలలో ఆ పనిని కొంతవఱకు సహకార సంఘములు చేసినవి. సంఘమున పాలు పోయు రైతు ఎదుటనే వెన్న చూచి వెల కట్టుదురు. నీళ్లు పోసినవానికి వెల తగ్గును. శిక్ష అక్కడికక్కడే, కోర్టు లేకయే, తీఱును. పాలు ఆలస్యము కాకుండ చల్లబఱచు కేంద్రమునకు పోవును. చిత్తూరు సహకార డెయిరీ 2002లో మూతపడినప్పుడు పాడిరైతులు పోగొట్టుకొన్నది గిరాకి మాత్రమే కాదు. తమ పాలపై తమకు నమ్మకముగల పరీక్షను గూడ పోగొట్టుకొనిరి. 2023 జూలైలో దానిని అమూల్ సంస్థద్వారా పునరుద్ధరించుటకు భూమిపూజ జరిగెను. డెయిరీ ఎవరిదైనను సరే, ఊరియొద్దనే పరీక్షయు, ఊరియొద్దనే చల్లదనమును ఉండవలెననునది మా మాట. మన యెండలలో ఉదయము పితికిన పాలు మధ్యాహ్నమునకు పులియును. పులుపు తెలియకుండుటకై వంటసోడా కలుపుట దుర్బుద్ధికంటె ముందు నష్టభయమువలన పుట్టిన పాపము. చల్లబఱచు వసతి చూపక సోడాకు మాత్రము జరిమానా వేయుట సగము న్యాయము.

2006 నాటి చట్టములో ఈ న్యాయమునకు చాలినంత చోటు గలదు. దినమునకు ఐదువందల లీటర్లవఱకు పాలు సేకరించు చిన్న వర్తకునికి 2011 నిబంధనలు పెద్ద లైసెన్సు కోరలేదు. ఏటికి నూఱు రూపాయల రుసుముతో పేరు నమోదు చేయించుకొనుమన్నవి. సహకార సంఘమున సభ్యుడై పాలన్నియు సంఘమునకే పోయువానికి ఆ నమోదు కూడ అక్కఱలేదన్నవి. లోపము కనబడినప్పుడు సరిదిద్దుకొనుమని ముందుగా నోటీసు ఇచ్చు అధికారము చట్టమునందే యున్నది. తీసిన మచ్చును నాలుగు భాగములు చేయవలెను. వర్తకుడు కోరినచో ఒక భాగమును గుర్తింపు పొందిన వేఱొక పరీక్షాశాలకు పంపవలెను. కొనువాడు సైతము రుసుము చెల్లించి తాను కొన్న ఆహారమును పరీక్షింప జేయవచ్చును. దోషము తేలినచో ఆ రుసుము తిరిగి వచ్చును. ఈ హక్కును ఎఱిగినవారు మనలో నెందఱు?

కొఱత చట్టమున కంటె పరీక్షాశాల దూరమున నున్నది. 2024లో తిరుమల ప్రసాదపు నేతినిగూర్చి వివాదము లేచినప్పుడు మచ్చులు గుజరాతులోని ఆనందునకు పోవలసివచ్చెను. ఆ విషయమై సుప్రీం కోర్టు అదే సంవత్సరము అక్టోబరున ప్రత్యేక దర్యాప్తు బృందము నేర్పఱచినది. తప్పెవరిదని చెప్పుట మా పని కాదు. అంతటి దేవస్థానపు నేతికే అంత దూరము పోవలసివచ్చినప్పుడు, తలపై బిందె పెట్టుకొని వచ్చు స్త్రీ పాలకు సకాలమున న్యాయమైన పరీక్ష దొరకుట ఎంత కష్టమో ఊహింపవచ్చును.

ఇందుకు కొందఱు ఆక్షేపణ చెప్పుదురు. ఇన్‌స్పెక్టరు కొట్టమువఱకు వచ్చినచో లంచము గూడ కొట్టమువఱకు వచ్చుననియు, రెండు ఆవులు గల విధవరాలు ఆ బాధ పడలేక పాడి మానుకొనుననియు వారి భయము. ఈ భయము నిరాధారము కాదు. దానికి మందు పరీక్షను మానుటలో లేదు. పరీక్షను బహిరంగముగా జరుపుటలో నున్నది. పాఠశాలల ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు తాను చూచినదియు, సరిదిద్దుమన్నదియు పాఠశాల పుస్తకముననే వ్రాసి సంతకము చేయును. పాడివారియొద్దను అట్టి పుస్తక మొకటి యుండవలెను. వచ్చిన తేదీ, కొట్టపు నేల, పశువుల టీకాలు, మేత నిలువ, పాత్రల శుభ్రత, ఇచ్చిన సలహా, గడువు, ఇవి అందులో వ్రాయబడవలెను. మొదటి రాక సలహాకు, రెండవది సవరణ చూచుటకు, మూడవది మాత్రమే దండనకు కావలెను. పశువైద్యునిచే సూదిమందు వేయించిన నాడు, ఎన్ని దినములు ఆ పాలు అమ్మరాదో అదే పుస్తకమున వ్రాయించుట మేలు. డిటర్జెంటు, యూరియా, ఫార్మలిన్ మొదలగువానిని కావలెనని కలుపు దుష్టునికి మాత్రము ఏ సలహాయు అక్కఱలేదు. చట్టపు కఠినత్వమే తగును.

ఇక చదువరుల విధి. తల్లిదండ్రులారా, పాలవానిని మీ పదునాలుగు అంకెల నమోదు సంఖ్య యేదని మర్యాదగా అడుగుడు. లేనిచో పొమ్మనక, చేయించుకొనుటకు సహాయపడుడు; చదువు రానివానికి దరఖాస్తు వ్రాసిపెట్టుట మన పై తరగతి విద్యార్థులకు కష్టము కాదు. వెల విషయమున గీచి గీచి బేరమాడి, పిమ్మట చిక్కదనము కోరుట న్యాయము కాదు. దాణా వెల పెరిగినప్పుడు పాల వెల పెరుగకున్న ఆ తేడా నీటితోనే పూడును. వసతిగృహములకును ఆసుపత్రులకును పాలు కొను మిషను ఉద్యోగులు ఇందు ముందడుగు వేయగలరు. తక్కువ వెల చెప్పినవానికే కంట్రాక్టు ఇచ్చు పద్ధతి మాని, కొట్టమును చూడనిచ్చి పుస్తకము చూపినవానికి ఇచ్చినచో, ఒక్క సంవత్సరములో చుట్టుపట్ల పాడివారందఱును ఆ త్రోవకు వత్తురు.

విద్యార్థులకు ఈ పని రసాయనశాలలోనే మొదలగును. కాచి చల్లార్చిన పాలలో రెండు మూడు చుక్కలు టింక్చర్ అయోడిన్ వేయుడు; నీలిరంగు తేలినచో గంజిపిండి కలిసినది. పాలకు సమముగా నీళ్లు చేర్చి గట్టిగా కదలించుడు. దట్టమైన నురుగు నిలిచినచో సబ్బుపదార్థ మున్నది. నున్నని ఏటవాలు పలకపై ఒక చుక్క వేయుడు; మంచిపాలు తెల్లని జాడ విడిచి మెల్లగా జాఱును, నీళ్లపాలు జాడ లేక పరుగెత్తును. కాని ఈ పరీక్షలు బూజువిషమును చెప్పలేవు, పొదుగువాపును చెప్పలేవు, పితికిన చేతుల మురికిని చెప్పలేవు. వానికొఱకు ఇంటికి పోయి మీ కొట్టమునే చూడుడు. చెక్కమూట నేలనంటి తడియుచున్నదా? పితుకుటకు ముందు పొదుగును కడుగుచున్నారా? పాలక్యాను మూత లోపలివైపు తోముచున్నారా? ఈనిన ఆవునకు వేసిన మందు పేరు ఎవరైన నెఱుగుదురా?

పట్టణమున బిడ్డకు పాలు పట్టు తల్లి మన కొట్టమును చూడలేదు. మన చేతులను ఎఱుగదు. ఆమె తరపున అక్కడ నిలిచి చూడదగినవారు మనమే. ప్రభుత్వపు ఇన్‌స్పెక్టరు ఏటికి ఒకటి రెండు సారులు రాగలడు. పాడియింటి పిల్లలు దినమునకు రెండు పూటలును అచ్చటనే యుందురు.